విప్పని తిండి మూట

పిల్లవాణ్ణి ఒంటరిగా రైలెక్కించడం మన ఇళ్ళల్లో సామాన్యమైన సంగతి కాదు. పన్నెండేళ్ళవాడు వేసవి సెలవులకు మేనమామగారి ఊరు వెళ్ళాలన్నా నాలుగు రోజుల ముందునుంచే హడావుడి. పులిహోర రేపటిదాకా నిలుస్తుందా, పెరుగన్నం పులిసిపోదూ, మరచెంబులో నీళ్ళు చాలుతాయా అని తర్జనభర్జనలు. రైలు కదిలాక కూడా కిటికీ వెంట నాలుగడుగులు పరుగెత్తి, "ముందు పెరుగన్నం తినెయ్యరా, పులిహోర రాత్రికి ఉంచుకో" అని కేకవేసే తల్లిని ప్లాట్‌ఫారం మీద చూడని వాళ్ళెవరు?

ఈ వారం నేను చెప్పబోయేది అలా ఒక తల్లి కట్టి ఇచ్చిన తిండి మూట సంగతి. ఆ పిల్లవాడికి ఆరేళ్ళు. ప్రయాణం రెండు రోజులు. ఆ రెండు రోజులూ వాడు మూట విప్పనే లేదు.

ఈ కథ చెప్పడానికి కారణం ఒక పాఠకురాలి ఉత్తరం. "మీరు ఎప్పుడూ బహుమతులు పొందినవాళ్ళ గురించీ గెలిచినవాళ్ళ గురించీ వ్రాస్తారు. చాలాసార్లు ఓడిపోయి కూడా పనికివచ్చిన మనిషి ఒకరైనా లేరా?" అని ఆవిడ నిలదీశారు. లేకేమండీ! ఉన్నారు. ఆయన పేరు ఆల్ఫ్ డబ్స్.

డబ్స్ 1932 డిసెంబరు 5న ప్రాగ్ నగరంలో పుట్టాడు. అప్పట్లో అది చెకోస్లోవేకియా రాజధాని. తండ్రి యూదుడు, తల్లి కాదు. ఇంట్లో మతం గొడవ పెద్దగా ఉండేది కాదు. కాని హిట్లర్ ఖాతాలో తండ్రి ఏ మతం వాడన్నదే లెక్క. 1939 మార్చి 15న జర్మను సైన్యం ప్రాగ్‌లో ప్రవేశించింది. నాజీలు వస్తే మరుక్షణం దేశం విడిచిపోతానని తండ్రి ముందునుంచే అంటూ ఉండేవాడట. అన్నట్టే ఇల్లూ వాకిలీ వదిలి లండన్ వెళ్ళిపోయాడు. చూద్దాం, ఏమవుతుందో అని ఆగిపోయిన దాయాదులు చివరికి ఆష్‌విట్జ్ చేరారు. ఆ "చూద్దాం" అన్న మాట మనకందరికీ అలవాటైనదే. ఇల్లు, మంచం, పెరట్లో చెట్టు, ఇరుగుపొరుగు - వీటిని ఒక పుకారు విని వదలి పోవాలంటే ఎవరికి మనసొప్పుతుంది? వదలినవాడికి తొందరపాటు మనిషని పేరు, ఆగినవాడికి బుద్ధిమంతుడని పేరు. ఆ ఏడాది మాత్రం లెక్క తిరగబడింది.

పిల్లవాడు తల్లి దగ్గరే ఉన్నాడు. బడిలో ఒకరోజు పాఠ్యపుస్తకంలో ఉన్న అధ్యక్షుడు బెనేష్ బొమ్మ చింపేసి, ఆ చోట హిట్లర్ బొమ్మ అతికించమన్నారు. రాజ్యం మారిందని ఆరేళ్ళవాడికి తెలిసింది అలా.

ఇక రైలు సంగతి. ఆ రోజుల్లో నాజీల చేతికి చిక్కిన దేశాలనుంచి దాదాపు పదివేలమంది పిల్లలను బ్రిటన్‌కు తరలించారు. అందులో ప్రాగ్ నుంచి వెళ్ళిన పిల్లల వెనుక ఉన్న మనిషి నికొలస్ వింటన్. ఇరవైతొమ్మిదేళ్ళ లండన్ షేర్ల దలాలు. 1938 డిసెంబరులో మంచుకొండల మీద సరదాగా గడుపుదామని స్విట్జర్లాండుకు బయలుదేరబోతూ, స్నేహితుడు రమ్మంటే ప్రాగ్ వెళ్ళాడు. అక్కడి కాందిశీకుల శిబిరాలు చూశాక సెలవుల మాట మరచిపోయాడు. ప్రాగ్‌లో ఉండి పని నడిపించినవాళ్ళు వేరే ఉన్నారు - డోరీన్ వారినర్ అనే ఆవిడ, ట్రెవర్ చాడ్విక్ అనే బడిపంతులు. పేరంతా వింటన్‌కే దక్కినా, వీళ్ళిద్దర్నీ మరవడం న్యాయం కాదు. లండన్‌లో కూర్చుని ఒక్కొక్క బిడ్డకూ ఒక్కొక్క ఇల్లు వెతకడం, యాభై పౌనుల హామీ కట్టించడం, అనుమతి పత్రాల కోసం కచేరీల చుట్టూ తిరగడం వింటన్ పని. మొత్తం 669 మంది పిల్లలు ఇలా బయటపడ్డారు.

అందులో ఒకడు ఆల్ఫ్. 1939 జూన్. ప్రాగ్ స్టేషనులో జర్మను సైనికులు నిలబడి ఉన్నారు. మెడలో పేరు చీటీ. చేతికి తిండి మూట. ఆ వీడ్కోలు మళ్ళీ కలుసుకోవడానికో, కాదో చెప్పలేని తల్లులు ప్లాట్‌ఫారం నిండా ఉన్నారు. బండిలో గట్టి చెక్క బల్లలు. మర్నాడు బండి హాలెండు సరిహద్దు దాటగానే పెద్ద పిల్లలంతా కేరింతలు కొట్టారు. నాజీల చేతినుంచి బయటపడ్డామని వాళ్ళకు తెలుసు. ఇదేదో గొప్ప విషయమేనని ఆల్ఫ్‌కూ తోచింది గాని, ఎందుకో తెలియలేదు. హాలెండంటే గాలిమరలూ చెక్కబూట్లూ కదా, అవెక్కడా కనిపించవేమా అని కిటికీలోంచి వెతుకుతూ కూర్చున్నాడట! పెద్దయ్యాక ఈ సంగతి ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. ఆకలి మరచి మూట విప్పనివాడు చెక్కబూట్ల కోసం వెతకడం మరచిపోలేదు. పసితనం అంటే అదే కాబోలు.

లండన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషనులో దిగేసరికి తండ్రి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆ బండిలో వచ్చిన పిల్లల్లో అంతటి అదృష్టం బహు కొద్దిమందికే. మిగిలినవాళ్ళ చేతులు పట్టుకున్నది మునుపెన్నడూ చూడని మనుషులు, తెలియని భాష. వాళ్ళలో చాలామంది తల్లిదండ్రులను తిరిగి చూడలేదు.

తల్లికి మొదట అనుమతి దొరకలేదు. అడగడానికి వెళితే గెస్టపోవాళ్ళు మెట్లమీదనుంచి తోసేశారట. ఎలాగైతేనేం, ఆగస్టు 31న బయటపడింది. ఆ మర్నాడే హిట్లర్ పోలెండు మీద పడ్డాడు. సెప్టెంబరు 1న ప్రాగ్ నుంచి మరో రైలు బయలుదేరవలసి ఉంది. అందులో 250 మంది పిల్లలు. సరిహద్దులు మూసేశారు, బండి కదలలేదు. ఆ పిల్లల్లో దాదాపు ఎవరూ మిగలలేదు. ఒక్కరోజు తేడాతో ఆల్ఫ్ తల్లి ఇటు, ఆ పిల్లలు అటు.

ముగ్గురూ ఒకచోట చేరారన్న సంతోషం కూడా ఎన్నాళ్ళో లేదు. 1940లో తండ్రి గుండెజబ్బుతో పోయాడు. పరాయి దేశం, భాష అంతంత మాత్రం, చేతిలో డబ్బు లేదు. ఆ తల్లి ఒక్కతే పిల్లవాణ్ణి పెంచింది. ఆమె పడిన పాట్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఎక్కినంతవరకు చూస్తే, పిల్లవాడు మాంచెస్టరు దగ్గర చీడిల్ హ్యూమ్ బడిలో చదివి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పట్టా పుచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక్క మాట. మన భాషలో ఇలాంటివాళ్ళను "కాందిశీకులు" అంటాం. సంస్కృతంలో "కాం దిశమ్", అంటే ఏ దిక్కుకు పోను అని. ఆ ప్రశ్ననే ఒక మనిషికి పేరుగా పెట్టేశారు మన పెద్దలు. 1942లో రంగూన్ నుంచి అడవుల వెంట నడిచి వచ్చిన తెలుగు కుటుంబాల పెద్దలు ఉన్న ఇళ్ళల్లో ఈ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. వచ్చిన ప్రతివాడికీ ఒకనాటికి ఏదో దిక్కు దొరుకుతుంది. దొరికాక ఆ ప్రశ్న మరచిపోవడం సహజం. డబ్స్ మరవలేదు. అందుకే ఆయన గురించి వ్రాస్తున్నాను.

ఆయన రాజకీయాలు వార్డు మెట్టునుంచే మొదలయ్యాయి. 1971 నుంచి 1978 దాకా లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ నగర సభలో లేబరు పార్టీ కౌన్సిలరు. అద్దె ఇళ్ళు, మురుగు కాలవలు, ముసలివాళ్ళ పింఛన్లు - ఏ ఊళ్ళో కౌన్సిలరుకైనా ఇవే కదా భాగవతం. పార్లమెంటుకు 1970లో నిలబడ్డాడు, ఓడాడు. 1974లో ఒకే ఏడాది రెండుసార్లు ఎన్నికలు వచ్చాయి. రెండుసార్లూ నిలబడ్డాడు, రెండుసార్లూ ఓడాడు. 1979లో మార్గరెట్ థాచర్ గాలి దేశమంతా వీచి లేబరు పార్టీ చతికిలబడిన ఏడు, చిత్రంగా ఈయన దక్షిణ బాటర్‌సీ నుంచి గెలిచాడు! 1983లో మళ్ళీ గెలిచాడు. 1987లో స్వల్ప తేడాతో ఓడాడు. 1992లో అక్కడే మళ్ళీ ఓడాడు. ఉత్తరం వ్రాసిన పాఠకురాలు లెక్క పెట్టుకుంటున్నారనుకుంటాను.

1987 ఓటమే ఆయన్ను అసలు పనిలోకి తోసింది. 1988లో రెఫ్యూజీ కౌన్సిల్ అనే సంస్థకు డైరెక్టరయ్యాడు. దేశదేశాలనుంచి ప్రాణాలరచేత పట్టుకుని బ్రిటన్ చేరినవాళ్ళకు నీడ, న్యాయసహాయం చూపే సంస్థ అది. 1995 దాకా అక్కడే. ఒకనాటి కాందిశీకుడు అధికారుల ముందు నిలబడి వాళ్ళ తరఫున మాట్లాడాడు.

అదే 1988లో మరో చిత్రం జరిగింది. వింటన్ తాను చేసిన పని దాదాపు యాభైఏళ్ళు ఎవరికీ గట్టిగా చెప్పుకోలేదు. పిల్లల పేర్లు, ఫొటోలు అంటించిన పాత పుస్తకం ఒకటి భార్యకు అటకమీద దొరికింది. బి.బి.సి. టెలివిజనులో ఆ కథ చెప్పారు. ఎంతోమందికి తాము ఎవరివల్ల బతికామో అప్పుడే తెలిసింది. డబ్స్ కూడా ఆ తరవాతనే తెలుసుకున్నాడు. తనకు ప్రాణం పోసిన మనిషి తన దేశంలోనే, కొద్ది మైళ్ళ దూరంలో ఉంటున్నాడని యాభై ఏళ్ళు దాటాక తెలియడం ఎలా ఉంటుందో! ఇద్దరూ స్నేహితులయ్యారు. వింటన్ 106 ఏళ్ళు బతికి 2015 జూలై 1న కన్నుమూశాడు.

1994లో డబ్స్‌ను ప్రభువుల సభకు పంపారు. అక్కడ ప్రభువంటే జమీందారు అనుకోకండి. చాలామంది మన రాజ్యసభ నామినేటెడ్ సభ్యులవంటివారే, కాకపోతే జీవితాంతం. 1997 నుంచి 1999 దాకా ఉత్తర ఐర్లండు వ్యవహారాల సహాయ మంత్రిగా పనిచేశాడు. అక్కడ శాంతి ఒప్పందం కుదిరింది ఆ కాలంలోనే, 1998లో. అదంతా వేరే పెద్ద కథ, వదిలేద్దాం.

2015 సంగతికి వద్దాం. సిరియా యుద్ధంనుంచి పారిపోతున్న వేలాదిమంది యూరపు మీద పడ్డారు. ఆ సెప్టెంబరులో సముద్రపు ఒడ్డున బోర్లాపడి ఉన్న పసివాడు అలాన్ కుర్దీ ఫొటో లోకమంతా చూసింది. మర్నాటి జనవరిలో యూరపు పోలీసు సంస్థ ఒక మాట బయటపెట్టింది: పెద్దదిక్కు లేకుండా యూరపు చేరిన పిల్లల్లో కనీసం పదివేలమంది ఎక్కడున్నారో లెక్క తెలియడం లేదు.

అప్పటికి డబ్స్‌కు ఎనభైమూడేళ్ళు. పార్లమెంటులో వలసల బిల్లు నడుస్తోంది. దానికి ఆయన ఒక సవరణ తెచ్చాడు: యూరపులో ఒంటరిగా ఉన్న మూడువేలమంది పిల్లలను బ్రిటన్ తీసుకోవాలి. 2016 మార్చి 21న ప్రభువుల సభ 306 - 204 ఓట్లతో ఒప్పుకుంది. హోంమంత్రి థెరిసా మే ఆయనను పిలిపించి సవరణ వెనక్కు తీసుకోమని అడిగింది. వీళ్ళను రానిస్తే వీళ్ళ వెనుక ఇంకెంతోమంది బయలుదేరతారన్నది ఆవిడ వాదన. ఆయన ఒప్పుకోలేదు.

ఆ వాదనను నవ్వి తోసిపుచ్చడం సరికాదు. పిల్లల్ని ముందు పంపితే తరవాత మనమూ పోవచ్చని ఆశపెట్టి డబ్బు గుంజే దొంగ పడవలవాళ్ళు ఉన్నమాట నిజమే. మన ఇళ్ళల్లో కూడా, "ఒకణ్ణి ఆదుకుంటే పదిమంది గుమ్మంలో నిలబడతారు" అని సణిగే పెద్దలు ఉంటారు. వాళ్ళంతా రాతిగుండెలవాళ్ళేం కారు. కాని ఆ పిల్లలు అప్పటికే వచ్చేశారు. కలే ఊరి బురదలో గుడారాల్లో ఉన్నారు, గ్రీసులో, ఇటలీలో ఉన్నారు. వచ్చినవాడు ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్నకు, రానివాడు వస్తాడేమో అన్నది జవాబవుతుందా? నాకైతే కాదనిపిస్తుంది. మీకు వేరుగా తోస్తే వ్రాయండి, వేస్తాను.

ఏప్రిల్ 25న కామన్స్ సభ ఆ సవరణను 294 - 276 ఓట్లతో కొట్టివేసింది. తేడా పద్దెనిమిదే. ఆ మర్నాడే ముసలాయన దాన్ని మార్చి మళ్ళీ తెచ్చాడు. ఈసారి మూడువేల అంకె లేదు. ఎంతమందినో స్థానిక సంస్థలతో సంప్రదించి ప్రభుత్వమే నిర్ణయించుకోవచ్చు. ప్రభువుల సభ 279 - 172తో మళ్ళీ ఒప్పుకుంది. ప్రధాని డేవిడ్ కామెరాన్ సొంత పార్టీలోనే గొణుగుడు మొదలైంది. మే 4న ఆయన దిగివచ్చాడు. ఆ నెలలోనే అది చట్టమైంది, 67వ సెక్షను. జనం దాన్ని "డబ్స్ సవరణ" అన్నారు.

గెలిచాడనుకుంటున్నారా? అంకె వదులుకోవడమే కొంప ముంచింది. బిల్లు నెగ్గించుకోవడానికి అది తప్పనిసరి, కాని అదే బొక్క. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం లెక్క తేల్చింది - 350 మంది, అంతే, స్థానిక సంస్థలు అంతకుమించి చోటు లేదన్నాయట. మూడువేలు ఎక్కడ, మూడువందల యాభై ఎక్కడ! రెండునెలలు తిరక్కుండా ఏప్రిల్లో ఒక సవరింపు వచ్చింది. దస్త్రాల్లో పొరపాటు జరిగిందట. చోటిస్తామన్న ఊళ్ళలో 130 మందికి చోటు లెక్కలో కలపడం మరిచారట. మొత్తం 480. నూటముప్ఫైమంది పిల్లల బతుకు ఒక కూడికలో తప్పిపోయి మళ్ళీ దొరికింది! కిరాణా కొట్టు పద్దులో ఇంత తేడా వస్తే షావుకారు గుమాస్తాను నిలబెట్టి అడుగుతాడు.

ఆయన కూర్చోలేదు. రెండో దారి పట్టాడు. బ్రిటన్‌లో అన్నో అత్తో ఉన్న పిల్లలు వాళ్ళ దగ్గరకు చేరే వీలు యూరపు నిబంధనల్లో అంతకు ముందే ఉంది. బ్రిటన్ యూరపు సంఘంనుంచి తప్పుకుంటే ఆ వీలు పోతుంది. అది పోకుండా ప్రభుత్వం సంప్రదింపులు జరపాలన్న బాధ్యతను 2018 చట్టంలో చేర్పించాడు. 2020 జనవరిలో కొత్త ప్రభుత్వం పెద్ద మెజారిటీతో వచ్చి దాన్ని తీసేసింది. ప్రభువుల సభలో మళ్ళీ నిలబడి ఓట్లు కూడగట్టి నెగ్గాడు. మర్నాడు కామన్స్ సభ కొట్టివేసింది. అప్పటికాయనకు ఎనభైఏడు.

ఆయనకు తిట్ల ఉత్తరాలు కూడా వచ్చాయి. మెచ్చుకున్నవాళ్ళ ఉత్తరాలే ఎక్కువని ఆయన చెబుతూ వచ్చాడు. కలే శిబిరాలకూ, ఇతర చోట్లకూ స్వయంగా వెళ్ళి పిల్లలతో కూర్చుని మాట్లాడాడు. ఎనభై దాటిన మనిషి బురదలో గుడారంలోకి వంగి వెళ్ళి, "నేనూ ఇలాగే వచ్చాను" అని చెప్పగలిగితే వినే పిల్లవాడికి అది ఉపన్యాసంలా వినిపించదు.

ఆ 480 అంకె 2020లో పూర్తయింది. అంటే 1939లో వింటన్ రైళ్ళలో వచ్చినవాళ్ళకంటే 189 మంది తక్కువ. వింటన్‌కు చేతిలో చట్టమేదీ లేదు, మంత్రిపదవి లేదు. తల్లి ఇంట్లో ఒక బల్ల, ఒక టైపు మిషను, సాయంత్రాలు ఆఫీసు అయ్యాక మిగిలే గంటలు మాత్రం ఉండేవి.

లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషను బయట 2006లో కంచు బొమ్మలు పెట్టారు, పెట్టెలు పట్టుకుని నిలబడిన కొందరు పిల్లలవి. మీ పిల్లలు లండన్‌లో చదువుకుంటూ ఉంటే, ఈసారి అటువైపు వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడమని చెప్పండి. ఉదయం పూట ఆఫీసులకు పరుగెత్తే జనం వాటి పక్కనుంచే పోతూ ఉంటారు.

వచ్చేవారం, పోయిన సంచికలో అడిగిన ఆవకాయ ప్రశ్నలకు జవాబులు.